గ్యాసా, గాల్ బ్లాడరా? కుడి డొక్కలో నొప్పిని తేల్చుకునే తీరు

తమిళుల పెరటాసి నెల శనివారాల్లో చిత్తూరు, తిరుపతి వైపు ఇళ్లలో ఒక్కపొద్దు మామూలే. పొద్దుట్నుంచి నీళ్లు తప్ప ఏమీ ముట్టరు. స్వామికి తళిగ, అంటే నైవేద్యం, వేసి, గోవిందలు కొట్టాక ఏ మధ్యాహ్నం రెండు గంటలకో ఆకు ముందు కూర్చుంటారు. పులిహోర, వడలు, నెయ్యి తేలే చక్కెరపొంగలి. పిత్తాశయంలో రాళ్లున్న మనిషికి ఇంతకన్నా సరిగ్గా కుదిరే ఇబ్బంది ఇంకోటి ఉండదు.

కాలేయం రోజూ ముప్పాతిక లీటరు అటూ ఇటూగా పైత్యరసం తయారుచేస్తుంది. అందులో కొంత, కాలేయం కింద అంటుకుని ఉండే చిన్న సంచిలో, అంటే పిత్తాశయంలో చేరుతుంది. దాన్నే అందరం గాల్ బ్లాడర్ అంటున్నాం. అందులో పట్టేది 30 నుంచి 50 మిల్లీలీటర్లే. సంచి ఆ రసంలోని నీటిని పీల్చేసి చిక్కబరుస్తుంది. ఎంతసేపు ఏమీ తినకుండా ఉంటే అంత చిక్కన. కొవ్వున్న తిండి చిన్నపేగు మొదట్లోకి రాగానే అక్కణ్నుంచి ఒక హార్మోను విడుదలై, సంచిని గట్టిగా పిండుతుంది. లోపల రాయి ఉండి, ఆ పిండుడుకు అది సంచి మెడ దగ్గర అడ్డం పడితే రసం బయటికి పోదు, సంచి మాత్రం పిండుతూనే ఉంటుంది. లోపల పెరిగే ఆ ఒత్తిడే నొప్పి. కొంతసేపటికి సంచి అలిసి వదులైతే రాయి మళ్లీ వెనక్కి జారి అడుగున పడుతుంది. నొప్పి పోతుంది. రాయి ఎక్కడికీ పోదు.

రోగ నిర్ధారణ ఆలస్యం కావడానికి మొదటి కారణం ఇక్కడే ఉంది. నొప్పి దానంతట అదే పోతుంది కాబట్టి, పోయే ముందు ఏం మింగితే దానికే ఆ పేరు దక్కుతుంది. ఒకసారి సోడా, ఒకసారి వాము, ఒకసారి జీలకర్ర నీళ్లు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే గ్యాస్‌కని ఒకటి, నొప్పికని ఒకటి, రెండు ఇంజెక్షన్లు పడతాయి. రెండోది చాలాసార్లు డైక్లోఫెనాక్. పిత్తాశయం నొప్పికి పెద్దాసుపత్రిలోనూ మొదట వాడేది ఆ కోవ మందే. అరగంటలో మనిషి తేరుకుంటాడు. ఇంటికొచ్చి చెప్పేది మాత్రం ‘గ్యాస్ ఇంజెక్షన్ వేస్తే తగ్గిపోయింది’ అని. అలా రెండేళ్లు గడిచిపోవడం వింతేమీ కాదు.

నొప్పిని గడియారంతో చూడాలి

గ్యాస్ నొప్పి తిరుగుతుంది. ఇప్పుడిక్కడ, కాసేపటికి అక్కడ. తేనుపు వస్తేనో కింద నుంచి పోతేనో హాయి. అసిడిటీ అయితే మంట, పులితేన్పులు, ఖాళీ కడుపుతో ఎక్కువ. పిత్తాశయం నొప్పి ఈ రెంటిలా ఉండదు. రొమ్ము ఎముక చివర కిందనో, కుడి పక్కటెముకల కిందనో మొదలై పావుగంట, అరగంటలో శిఖరానికి చేరి అక్కడే నిలబడుతుంది. మెలిపెట్టి వదిలి మళ్లీ మెలిపెట్టే రకం కాదు, పట్టిన పట్టు వదలని బరువైన నొప్పి. కుడి జబ్బ వెనక, రెక్క ఎముక కొన కిందికి పాకవచ్చు. వికారం, వాంతి ఉంటాయి గానీ కక్కినా నొప్పి దిగదు. బోర్లా పడుకున్నా, వెల్లకిలా పడుకున్నా, లేచి తిరిగినా తేడా ఉండదు. భోజనమైన గంట రెండు గంటలకు రావచ్చు, అర్ధరాత్రి నిద్రలోంచి లేపవచ్చు. అరగంటకు తక్కువ కాకుండా, ఐదారు గంటలకు మించకుండా ఉండి పోతుంది. తర్వాత వారమో, మూడు నెలలో ఏమీ లేనట్టే ఉంటుంది.

ఆరు గంటలు దాటినా తగ్గకపోతే లెక్క మారుతుంది. అప్పుడది రాయి అడ్డంపడి తొలగే దశ దాటి, సంచి గోడ వాచే దశకు చేరినట్టు అనుమానించాలి. జ్వరం తోడైతే అనుమానం ఇంకా గట్టిది. డాక్టరు కుడి పక్కటెముకల కింద వేళ్లు ఆనించి గట్టిగా ఊపిరి పీల్చమంటారు. దిగివచ్చే కాలేయంతో పాటు వాచిన సంచి ఆ వేళ్లకు తగులుతుంది. రోగి ఊపిరి సగంలోనే టక్కున ఆగిపోతుంది. ఇదే మర్ఫీ పరీక్ష. ఖర్చు లేదు, అర నిమిషం పని. పొట్ట మీద చెయ్యి వెయ్యకుండానే స్కానింగుకు రాసిచ్చేస్తే పోయేది ఇలాంటివే.

కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్లేముందు చేయాల్సిన అత్యంత పనికొచ్చే పని ఒక చిన్న కాగితం. నొప్పి ఎన్ని గంటలకు మొదలైంది, ఎన్నింటికి పోయింది, దానికి ముందు ఆరు గంటల్లో ఏం తిన్నారు, ఎక్కడికి పాకింది, జ్వరం ఉందా, మూత్రం రంగు ఏంటి. మూడు నాలుగు సార్లు వచ్చిన నొప్పి వివరం ఇలా చేతిలో ఉంటే, ‘అప్పుడప్పుడు కడుపునొప్పి సార్’ అన్న మాట కన్నా పది రెట్లు పని చేస్తుంది.

ఒక్క హెచ్చరిక. నడి వయసు దాటినవారు, షుగరు, బీపీ ఉన్నవారు, పొగతాగేవారు పొట్ట పైభాగంలో మొదటిసారి ఇలాంటి నొప్పి వస్తే ముందు ఈసీజీ తీయించుకోవాలి. గుండె కింది గోడకు వచ్చే పోటు అచ్చం ఇలాగే వాంతితో, చెమటతో వస్తుంది. అలిపిరి మెట్లెక్కుతుంటే వచ్చి, కూర్చుంటే తగ్గే నొప్పి పిత్తాశయానిది కాదు. దాన్ని గుండె వైపు నుంచే చూడాలి.

స్కానింగ్: ఖాళీ కడుపు అంటే కాఫీ కూడా లేకుండా

పిత్తాశయంలో రాయిని పట్టుకోవడంలో మామూలు అల్ట్రాసౌండ్‌ను మించింది లేదు. సరిగా తీస్తే నూటికి 95 పైగా దొరికిపోతాయి. ఎక్స్‌రేలో పది, ఇరవై శాతం రాళ్లే కనబడతాయి. ఖరీదైన సీటీలో కూడా కొలెస్ట్రాల్ రాళ్లు కనబడకుండా పోతుంటాయి. ఎక్కువ డబ్బు పెట్టిన స్కానే ఎక్కువ చూస్తుందన్న లెక్క ఈ అవయవం దగ్గర చెల్లదు.

చెడేది తయారీలోనే. ముందురోజు రాత్రి నూనె తక్కువగా తిని, ఆ తర్వాత ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకూడదు. నీళ్లు తాగవచ్చు. పలమనేరు నుంచో పుంగనూరు నుంచో తొలి బస్సుకు బయల్దేరినవాళ్లు దారిలో ఒక కాఫీ తాగి, ‘టిఫిన్ ఏమీ తినలేదు’ అని స్కానింగు గదిలోకి వెళ్తారు. పాలలో కొవ్వు ఉంది. దానికే సంచి ముడుచుకుపోతుంది. ముడుచుకున్న సంచిలో చిన్న రాయి దొరకదు, గోడ ఉన్నదానికన్నా మందంగా కనిపిస్తుంది. రిపోర్టులో ‘కంట్రాక్టెడ్ గాల్ బ్లాడర్’ అని పడితే, కాఫీ తాగి ఉంటే ఆ మాట అక్కడే చెప్పి మర్నాడు మళ్లీ తీయించుకోవాలి. తాగకపోయినా అలాగే ఉంటే అది వేరే సంగతి, ఎన్నాళ్లుగానో రాళ్లు ఉండి సంచి కుంచించుకుపోయి ఉండవచ్చు. షుగరుకు ఇన్సులిన్ తీసుకునేవారు ఆ పొద్దుటి డోసు గురించి ముందే డాక్టర్ని అడిగి, స్కానింగులో మొదటి నంబరు తీసుకోవడం మేలు.

గదిలో రేడియాలజిస్టు ‘ఊపిరి పీల్చి బిగబట్టండి’ అని, తర్వాత ఎడమ పక్కకు తిరగమంటారు. తెరమీద పిత్తాశయం నల్లటి బేరిపండు ఆకారంలో ఉంటుంది. రాయి అందులో తెల్లటి గీతలా మెరుస్తుంది, దాని వెనక నల్లటి నీడ నిలువుగా పడుతుంది. మనిషి పక్కకు తిరిగితే రాయి దొర్లుతుంది. దొర్లకుండా గోడకు అంటుకుని, నీడ లేకుండా ఉంటే అది రాయి కాదు, పాలిప్, అంటే గోడకు పెరిగిన చిన్న కండ, కావచ్చు. పక్కకు తిప్పకుండా వెల్లకిలా పడుకోబెట్టి మాత్రమే చూస్తే మెడ దగ్గర దాక్కున్న రాయి తప్పిపోయే అవకాశం ఉంది.

రిపోర్టు చేతికొచ్చాక చూడాల్సినవి కొన్నే. రాళ్లు ఒకటా, చాలానా. పెద్దదాని కొలత ఎంత. కదులుతోందా, మెడలో ఇరుక్కుందా. గోడ మందం 3 మిల్లీమీటర్లు దాటిందా. సీబీడీ అని రాసే ప్రధాన పిత్తనాళం వెడల్పు ఎంత. ఇది మామూలుగా 6 మిల్లీమీటర్ల లోపు, వయసుతో కొంచెం పెరుగుతుంది. క్లోమం, అంటే ప్యాంక్రియాస్, కనిపించిందా లేక పేగుల్లో గాలివల్ల కనిపించలేదని రాశారా. కనిపించలేదంటే బాగుందని కాదు, చూడలేదని అర్థం. ఇక ‘ఫాటీ లివర్ గ్రేడ్ 1’ అన్న మాట పట్టుకుని కంగారుపడేవాళ్లు చాలామంది. ఈ నొప్పికి అది కారణం కాదు.

రాయి కొలత దగ్గర అందరూ తిరగేసి ఆలోచిస్తారు. ‘చిన్నదే కదా, 4 మిల్లీమీటర్లే’ అని ఊరట పడతారు. 2 సెంటీమీటర్ల రాయి సంచిలోంచి కదలలేదు. 4 మిల్లీమీటర్లది జారి పిత్తనాళంలోకి పోగలదు, అక్కడ అడ్డంపడి కామెర్లు తెప్పించగలదు, క్లోమానికి వాపు తెప్పించగలదు. చిన్న రాళ్లు గుంపుగా ఉన్నాయంటే వాటిని తేలిగ్గా తీసుకోకూడదు.

రాయి ఉంది, నొప్పి దానిదేనా?

అసలు చిక్కు ఇది. రాళ్లున్నవారిలో ఎక్కువమందికి జీవితాంతం ఏ బాధా ఉండదు. ఎందుకో తీసిన స్కానింగులో బయటపడతాయంతే. అలాంటి మౌనంగా ఉన్న రాళ్లలో ఏడాదికి నూటికి ఒకటి నుంచి నాలుగే నొప్పి పెట్టడం మొదలుపెడతాయి. అందుకే నొప్పిలేని రాయికి సాధారణంగా ఆపరేషన్ అక్కర్లేదు. 3 సెంటీమీటర్లు దాటిన రాయి, 10 మిల్లీమీటర్లకు చేరిన పాలిప్, సున్నం పట్టి గట్టిపడిన గోడ, ఇలాంటివి మినహాయింపులు.

ఇప్పుడు రోజూ పొట్ట ఉబ్బరం, తేన్పులు, తిన్నాక బరువు, మలబద్ధకం ఉన్న మనిషికి స్కానింగులో ఒక రాయి దొరికిందనుకుందాం. ‘ఇదిగో దొంగ’ అని ఆపరేషన్ చేయించుకుంటారు. ఉబ్బరం అలాగే ఉంటుంది. ఉబ్బరం, తేన్పులు రాయి లక్షణాలు కావు. పైన చెప్పిన గడియారం నొప్పి ఉంటే ఆపరేషన్‌తో పోతుంది. లేకపోతే పోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు సర్జన్‌ను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: నా బాధల్లో ఏది పోతుంది, ఏది మిగులుతుంది?

డెంగీ కాలంలో ఇంకో పొరపాటు. జ్వరం, కుడి పక్క నొప్పి, స్కానింగులో పిత్తాశయం గోడ వాచి ఉంటుంది, చుట్టూ నీరు కూడా కనబడుతుంది. రాయి ఉండదు. డెంగీలో రక్తనాళాల నుంచి ద్రవం ఊరి గోడ అలా ఉబ్బుతుంది, డెంగీ నయమయ్యేకొద్దీ దానంతట అదే తగ్గుతుంది. ప్లేట్‌లెట్లు, డెంగీ పరీక్ష చూడకుండా దీన్ని పిత్తాశయం జబ్బని కోస్తే ప్రమాదం. కాలేయంలో చీముగడ్డ కూడా జ్వరంతో ఇదే చోట నొప్పి తెస్తుంది, మద్యం అలవాటున్న మగవాళ్లలో మరీ. ఒక వేలితో చూపించగలిగేంత చిన్న చోట నొప్పి ఉండి, తల పైకెత్తి పొట్ట బిగిస్తే అది పెరిగితే, లోపలి అవయవానిది కాదు, పొట్ట గోడది.

రక్తపరీక్షల్లో కాలేయం పనితీరు చెప్పే ఎల్‌ఎఫ్‌టీ, క్లోమం వాపును పట్టించే లైపేజ్, రక్తకణాల లెక్క ముఖ్యం. ఇవి నొప్పి తగ్గిన పది రోజులకు చేయిస్తే అన్నీ మామూలుగానే వస్తాయి. రాయి నాళంలోంచి జారిన గంటల్లో కాలేయపు ఎంజైములు ఒక్కసారిగా ఎగసి, రెండు మూడు రోజుల్లో దిగిపోతాయి. అందుకని నొప్పి ఉన్నప్పుడే, లేదా ఆ మర్నాడే రక్తం ఇవ్వాలి. లైపేజ్ మామూలుకు మూడు రెట్లు దాటితే క్లోమం వాపు. కామెర్లలో ఒళ్లు పచ్చబడేలా చేసే బైలిరూబిన్ పెరిగి, సీబీడీ వెడల్పయితే నాళంలో రాయి ఉన్నట్టు అనుమానించి ఎంఆర్‌సీపీ చేయిస్తారు. అది ఎంఆర్‌ఐ గదిలో తీసే బొమ్మ, సూది గుచ్చాల్సిన పని సాధారణంగా ఉండదు. ఈఆర్‌సీపీ అలా కాదు. నోటి ద్వారా గొట్టం పంపి నాళంలోని రాయిని తీసేసే చికిత్స అది. దానివల్లే కొందరికి క్లోమం వాపు వస్తుంది, కనుక చూడ్డానికని దాన్ని చెయ్యరు. రెండు పేర్లూ కలగలిపేసి కంగారు పడకూడదు.

రాయి కనబడలేదు గానీ నొప్పి అచ్చం అదే అంటే? ముందు సరైన తయారీతో స్కానింగ్ మళ్లీ. తర్వాత కడుపులో పుండు లేదని తేల్చే ఎండోస్కోపీ. ఎండోస్కోపీ కొసకు అల్ట్రాసౌండ్ ఉండే ఈయూఎస్ పరీక్షలో ఇసుకలాంటి సన్నరాళ్లు కూడా దొరుకుతాయి. ఆఖరున హైడా స్కాన్. రక్తనాళంలోకి కొద్దిపాటి రేడియోధార్మిక మందు ఎక్కించి, అది పిత్తాశయంలో చేరేదీ, సంచి దాన్ని ఎంతమేరకు బయటికి పంపేదీ కొలుస్తారు. బయటికి పంపే శాతం 38కి తక్కువైతే సంచి సరిగా పిండడం లేదని అనుకుంటారు. దీనికి నాలుగు గంటలైనా ఖాళీ కడుపు ఉండాలి, అలాగని రోజు పైబడిన ఉపవాసమూ పనికిరాదు. న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉన్నచోటే ఇది అవుతుంది. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది, మెడికల్, సర్జికల్ గ్యాస్ట్రో విభాగాలూ ఉన్నాయి. చిత్తూరు వైపువాళ్లకు వేలూరు సీఎంసీ దగ్గర. అయితే మామూలు రాళ్ల నొప్పికి ఇంత దూరం రానక్కర్లేదు. అల్ట్రాసౌండ్, ఎల్‌ఎఫ్‌టీ, చెయ్యి పెట్టి చూసే సర్జన్ ఉంటే జిల్లా ఆసుపత్రిలోనో, తిరుపతి రుయా ఆసుపత్రిలోనో తేలిపోతుంది.

ఆకు పసర్లు, కరిగించే మాత్రలు

కొండపిండి ఆకు, ఉలవకట్టు, అరటిదూట రసం మనవైపు కిడ్నీ రాళ్లకు వాడతారు. వాటి సంగతి ఎలా ఉన్నా, అవన్నీ మూత్రం జారీ అవ్వాలన్న ఆలోచన మీద నిలిచినవి. పిత్తాశయం దారిలో మూత్రం లేదు. ఎన్ని బిందెల నీళ్లు తాగినా ఈ రాయి తడిసేది కాదు. ఆపిల్ రసం, నిమ్మరసం, ఆలివ్ నూనె తాగితే మర్నాడు పచ్చటి ఉండలు పడతాయని ఫోన్లలో తిరిగే చిట్కా ఒకటుంది. ఆ ఉండలు రాళ్లు కావు, తాగిన నూనె పేగుల్లో సబ్బుగా మారి గట్టిపడినవి. 2005లో లాన్సెట్ పత్రికలో వాటిని పరీక్షించి ఈ విషయం రాశారు. పైగా అంత నూనె ఒక్కసారి తాగితే సంచి గట్టిగా పిండుతుంది, రాయి నాళంలోకి జారే ప్రమాదం.

అర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ మాత్రలు నిజంగానే కొన్ని రాళ్లను కరిగిస్తాయి. కాకపోతే సున్నం పట్టని చిన్న కొలెస్ట్రాల్ రాళ్లనే, సంచి బాగా పనిచేస్తుంటేనే, 6 నెలల నుంచి 2 ఏళ్లు వాడితేనే. మానేశాక ఐదేళ్లలో సగంమందికి దాకా మళ్లీ వస్తాయి. దక్షిణాదిలో నల్లటి పిగ్మెంట్ రాళ్ల వాటా ఉత్తరాది కన్నా ఎక్కువ, వాటిమీద ఈ మాత్ర పనిచేయదు. ఏళ్ల తరబడి ఇదే చీటీ మీద కొనుక్కుంటున్నవారు ఎందుకు వాడుతున్నామో డాక్టర్ని ఒకసారి అడగాలి.

కామెర్లతో మాత్రం ఆట వద్దు. కళ్లు పచ్చబడి, మూత్రం డికాక్షన్ రంగుకు మారి, మలం సున్నంలా తెల్లబడి, ఒళ్లంతా దురద పెడితే అది నాళం మూసుకుపోయిన కామెర్లు. పసరు తాగి, ఉప్పులేని పత్యం చేస్తూ కూర్చుంటే అడ్డుపడ్డ రాయి కదలదు. దానికి చలిజ్వరం తోడైతే నాళంలో చీము పట్టినట్టే, అది గంటల మీద ప్రాణం తీసేంతవరకు పోగలదు. అలాగే పొట్ట నుంచి వీపులోకి దూసుకుపోయే నొప్పి, ఆగని వాంతులు, ఆరు గంటలు దాటిన నొప్పి. ఇవేవీ తెల్లారేదాకా ఆగాల్సినవి కావు.

ఆపరేషన్ దాకా రోజులు గడపడం

తిండి మార్చితే రాయి పోదు, నొప్పి రావడం తగ్గుతుంది. ఒకేసారి పడే కొవ్వును తగ్గించడమే సూత్రం. రాగిసంగటి ఏమీ చేయదు, దానిమీద పోసుకునే నాటుకోడి పులుసులో తేలే నూనె చేస్తుంది. చెనక్కాయల చట్నీ చూడ్డానికి అమాయకంగా ఉంటుంది గానీ, చెనక్కాయ గింజ బరువులో దాదాపు సగం నూనే. ఇడ్లీకి ఒక చెంచా వేసుకోవడం వేరు, గిన్నెడు పోసుకోవడం వేరు. ప్రసాదం లడ్డూ చిటికెడు తింటే ఇబ్బంది లేదు, తిరుమల నుంచి వచ్చిన ఉత్సాహంలో మొత్తం తింటే ఉంటుంది. పూట మానేయకూడదు. ఒక్కపొద్దు ఉండాలనుకుంటే మధ్యలో పళ్లు, పలచటి మజ్జిగ తీసుకుని, సాయంత్రం మామూలు భోజనమే తినాలి. వారానికి కిలోన్నర పైగా బరువు తగ్గే పథ్యాలు కొత్త రాళ్లను పుట్టిస్తాయి.

నొప్పికి డైక్లోఫెనాక్ కోవ మందులు బాగా పనిచేస్తాయి. కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, గుండె జబ్బు ఉన్నవారికి, రక్తం పలచబడే మందులు వాడేవారికి అవి ప్రమాదం. కాబట్టి మీకు ఏది సరిపోతుందో డాక్టరు చేత రాయించుకుని చీటీ దగ్గర పెట్టుకోవాలి.

నొప్పి ఒకసారి మొదలైతే మళ్లీ రావడమే ఎక్కువ. అందుకే నొప్పి పెట్టే రాయికి నికరమైన వైద్యం సంచిని తీసేయడమే. రాళ్లు మాత్రమే ఏరేస్తే అదే సంచిలో మళ్లీ పుడతాయి. నాలుగు చిన్న రంధ్రాలతో చేస్తారు, చాలామంది ఒకటి రెండు రోజుల్లో ఇంటికొస్తారు. సంచి వాచిందంటే ‘వాపు తగ్గాక ఆరు వారాలకు రండి’ అనేది పాత పద్ధతి. మనిషి తట్టుకోగలిగితే మొదటి వారంలోపే, వీలైతే మొదటి మూడు రోజుల్లోనే చేయడం మేలని ఇప్పటి పద్ధతి. వెయ్యిలో మూడు నుంచి ఐదుగురికి ప్రధాన పిత్తనాళానికి దెబ్బ తగిలే అవకాశం ఉంది. లోపల అతుక్కుపోయి కనబడకపోతే సర్జన్ పొట్ట తెరవాల్సి రావచ్చు. అది ఓటమి కాదు, జాగ్రత్త. పదిమందిలో ఒకరికి కొన్ని నెలలు విరేచనాలు పలచగా అవుతాయి. ఎన్టీఆర్ వైద్యసేవ కింద చేయించుకోవాలనుకుంటే, స్కానింగుకు ముందే ఆసుపత్రిలోని ఆ కౌంటర్లో ఏ ఆసుపత్రిలో వర్తిస్తుందో, ఏ రిపోర్టులు కావాలో అడిగితే అవే పరీక్షలు రెండుసార్లు చేయించుకునే బాధ తప్పుతుంది.

ఆపరేషన్ అయ్యాక తీసిన రాళ్లను సీసాలో వేసి ఇస్తారు. వచ్చిన చుట్టాలందరికీ చూపిస్తారు. ఆ సంచిని బయాప్సీకి పంపిన రిపోర్టు మాత్రం వారం తర్వాత ఆసుపత్రిలోనే పడి ఉంటుంది. పిత్తాశయం క్యాన్సర్ మనవైపు తక్కువే గానీ, ఉన్నప్పుడు మొదటిసారి బయటపడేది చాలాసార్లు ఆ కాగితంలోనే. కుట్లు చూపించడానికి వెళ్లిన రోజునే దాన్ని అడిగి తెచ్చుకోవాలి.